నర్సింగ్ సేవ: మూలసూత్రాలు (లక్డారం, పటాన్‌చెరు పరిసరాల నేపథ్యంలో)

నర్సింగ్: జబ్బుపడ్డ మనిషి తనంతట తాను చేసుకోలేని పనులను అతని బదులు చేస్తూ, వాటిని మళ్లీ అతనే చేసుకోగలిగేదాకా వెంట ఉండే వృత్తి, ఆ పనుల వెనక ఉన్న శాస్త్రం. ఊపిరి తీయడం, తినడం, తాగడం, మలమూత్రాలు, పక్క మీద కదలడం, నిద్ర, ఒంటి శుభ్రత అన్నీ ఇందులోకే వస్తాయి. వైద్యుడు రోగాన్ని గుర్తించి చికిత్స రాస్తాడు. ఆ చికిత్స కాగితం మీదినుంచి రోగి ఒంట్లోకి వెళ్లే దారి మొత్తం నర్సు చేతుల మీదుగానే సాగుతుంది. రౌండ్లకు వచ్చిన వైద్యుడు మంచం దగ్గర కొద్ది నిమిషాలే నిలబడతాడు. రాత్రి రెండింటికి రోగి రంగు మారితే చూసే కళ్లు నర్సువే.

సంగారెడ్డి జిల్లా పటాన్‌చెరు మండలంలోని లక్డారం రాతి క్వారీలున్న ఊరు, కంకర క్రషర్ల ఊరు. చుట్టుపక్కల పాశమైలారం, ఇస్నాపూర్, రుద్రారం. కాస్త అవతల బొల్లారం, బొంతపల్లి, గడ్డపోతారం. 1970ల నుంచి విస్తరించిన ఈ పారిశ్రామిక వాడల్లో మందులు, రసాయనాలు, ఇనుప సామాను తయారవుతాయి. ఒడిశా, బిహార్, జార్ఖండ్, ఉత్తరప్రదేశ్‌ల నుంచి వచ్చిన కార్మికులు ఇక్కడి రేకుల గదుల్లో నలుగురైదుగురు కలిసి ఉంటారు. ఒంట్లో బాగోకపోతే వాళ్లు వెళ్లేది పటాన్‌చెరు ఏరియా ఆసుపత్రికి, రామచంద్రాపురం ఈఎస్ఐ దవాఖానాకు, సంగారెడ్డి ప్రభుత్వ ఆసుపత్రికి, లేదంటే ఇక్కడి రోడ్ల పొడుగునా ఉన్న ప్రైవేటు ఆసుపత్రులకు. చుట్టుపక్కల కాలేజీల నర్సింగ్ విద్యార్థులు క్లినికల్ డ్యూటీకి వచ్చేదీ ఇలాంటి వార్డులకే. అందుకే ఈ వ్యాసంలో ఉదాహరణలు ఈ ప్రాంతపు పనిని, జబ్బులను బట్టి తీసుకున్నవి. ఉదాహరణల్లో కనిపించే రోగులు మాత్రం కల్పితులు.

వృత్తి ఎలా పుట్టింది

క్రిమియా యుద్ధంలో 1854లో స్కుటారీ సైనిక ఆసుపత్రికి వెళ్లిన ఫ్లోరెన్స్ నైటింగేల్ అక్కడ చూసిన సంగతి ఒకటుంది. గాయాలతో చనిపోయే సైనికులకన్నా మురుగువల్ల, అంటురోగాలవల్ల చనిపోయేవాళ్లే ఎక్కువ. గాలి, వెలుతురు, శుభ్రమైన నీరు, ఉతికిన దుప్పటి, చప్పుడు లేని గది. ఆమె మొదటి పాఠాలు ఇవే. 1859లో నర్సింగ్ మీద పుస్తకం రాసింది, 1860లో లండన్ సెయింట్ థామస్ ఆసుపత్రిలో శిక్షణాలయం పెట్టింది. దీపం పట్టుకున్న అమ్మగా ఆమెను తలచుకుంటాం గానీ, ఆమె అసలు ఆయుధం లెక్కల పుస్తకం. ఏ నెలలో ఎంతమంది దేనివల్ల చనిపోయారో బొమ్మలు గీసి ప్రభుత్వం ముందు పెట్టిన మనిషి ఆమె.

తెలుగు నేల మీద ఈ వృత్తి ఎక్కువగా మిషన్ ఆసుపత్రుల ద్వారా వచ్చింది. అమెరికా లూథరన్ మిషన్ వైద్యురాలు అన్నా సారా కుగ్లర్ 1883లో గుంటూరుకు వచ్చి, 1898లో స్త్రీల ఆసుపత్రి తెరిచింది. ఆ ఆసుపత్రి తర్వాత నర్సుల శిక్షణకూ కేంద్రమైంది. పరాయి మనిషి మలమూత్రాలు ముట్టుకునే పని అని అగ్రకులాల ఇళ్లు చాలాకాలం ఈ వృత్తికి ఆడపిల్లలను పంపలేదు. క్రైస్తవ కుటుంబాల అమ్మాయిలు, తర్వాత కేరళ నుంచి వచ్చినవాళ్లు ఈ భారం మోశారు. వార్డులో వినపడే ‘సిస్టర్’, ‘సిస్టరమ్మా’ అన్న పిలుపు ఆ మిషన్ రోజుల గుర్తే. దేశ ఆరోగ్య సేవలను పరిశీలించిన భోర్ కమిటీ 1946లో లెక్క తీసేనాటికి దేశంలో 43 వేల జనాభాకు ఒక నర్సు ఉంది. మరుసటి ఏడాదే భారత నర్సింగ్ మండలి చట్టం వచ్చింది. దాని స్థానంలోకి 2023లో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం చేశారు.

అవసరాల పట్టిక

నర్సు ఏం చేయాలి అన్న ప్రశ్నకు తేలికగా గుర్తుండే జవాబు అమెరికా నర్సు వర్జీనియా హెండర్సన్ ఇచ్చింది. మనిషికి 14 అవసరాలు ఉంటాయి. బలం, ఇచ్ఛ, తెలివిడి ఉంటే అవి తనే తీర్చుకుంటాడు. వాటిలో ఏది లోపిస్తే అక్కడ నర్సు నిలబడాలి అన్నది ఆమె 1966లో చెప్పిన మాటల సారం. ఊపిరి, తిండి, విసర్జన, కదలిక, నిద్ర, బట్టలు, ఒంటి వేడి, శుభ్రత, ప్రమాదాల నుంచి రక్షణ. ఈ తొమ్మిదీ ఎవరికైనా తోస్తాయి. విద్యార్థులు పరీక్షకు బట్టీ పట్టి వార్డులో మరిచిపోయేవి మిగతా అయిదూ: మనసులో మాట చెప్పుకోవడం, తన నమ్మకం ప్రకారం పూజో నమాజో చేసుకోవడం, పని, వినోదం, నేర్చుకోవడం.

వాటిలో ‘పని’ అన్నదాన్ని లక్డారం వైపునుంచి వచ్చిన రోగి దగ్గర పెట్టి చూడండి. జ్వరం తగ్గకుండానే మూడో రోజు ‘ఇంటికి పోత, పేరు కొట్టేయండి’ అని క్రషర్ కూలీ పట్టుబడతాడు. కేసు షీటులో ‘వైద్య సలహాకు వ్యతిరేకంగా వెళ్లాడు’ అని ఎక్కుతుంది. నిర్లక్ష్యం అని వార్డు తీర్పు చెబుతుంది. దినకూలీకి మంచం మీద గడిచిన ప్రతి రోజూ కూలి పోయిన రోజే, పైగా ఊళ్లో డబ్బు కోసం ఎదురుచూసేవాళ్లుంటారు. హెండర్సన్ పట్టిక చేతిలో ఉన్న నర్సు అతన్ని మందలించదు. ఈఎస్ఐ కార్డు ఉందా, కాంట్రాక్టరు నమోదు చేయించాడా, మాత్రలతో ఇంటి దగ్గర కొనసాగించగలిగే చికిత్స ఏమైనా ఉందా అని వైద్యుణ్ని, సోషల్ వర్కర్‌ను కదిలిస్తుంది. ఆ తర్వాతా వెళ్లిపోతానంటే అది అతని హక్కు.

చూడటం

ఈ వ్యాసకర్త అభిప్రాయంలో నర్సింగ్‌లో మిగతా నైపుణ్యాలన్నీ ఒక్కదాని మీద ఆధారపడి ఉన్నాయి. అది చూడటం. యంత్రం ఇచ్చిన అంకె రాసుకోవడం దీని కిందకు రాదు.

పెద్దవాళ్లలో మామూలు అంకెలు ఇవి: ఉష్ణోగ్రత 98.6 డిగ్రీల ఫారన్‌హీట్ అటూ ఇటూ, నాడి నిమిషానికి 60 నుంచి 100, ఊపిరి 12 నుంచి 20, రక్తపోటు 120/80 దరిదాపు, రక్తంలో ఆక్సిజన్ 95 శాతానికి పైన. వీటిలో రోగి చెడిపోతున్నాడని అందరికన్నా ముందు చెప్పేది ఊపిరి. బ్రిటన్ వైద్యులు 2012లో రూపొందించిన ముందస్తు హెచ్చరిక పట్టికలో ఊపిరి 21కి చేరితే 2 మార్కులు, 25కు చేరితే 3 మార్కులు పడతాయి. ఆ 3 ఒక్కటే అత్యవసరంగా పరిశీలించమనే సంకేతం. అయితే ఏ వార్డులోనైనా నాలుగు షీట్లు తిరగేసి చూడండి, ఊపిరి గడిలో పై నుంచి కింది దాకా 20, 20, 20 అనే ఉంటుంది. జ్వరమున్నవాడికీ 20, ఆపరేషన్ అయినవాడికీ 20. లెక్కపెట్టకుండా వేసిన అంకె అది.

లెక్కపెట్టే పద్ధతి తేలికే. ‘ఊపిరి చూస్తున్నా’ అని రోగికి చెప్పకూడదు. చెబితే అతని ఊపిరి తీరు మారిపోతుంది. నాడి పట్టుకున్న చెయ్యి వదలకుండా ఛాతీ ఎగసిపడటం ఒక పూర్తి నిమిషం చూడాలి. నడుమ పక్కటెముకల సందులు లోపలికి లాగుతున్నాయా, ముక్కుపుటాలు అదురుతున్నాయా, మాట ఒక్క దమ్ములో పూర్తవుతోందా అన్నవి ఆ నిమిషంలోనే కనపడతాయి.

మన విద్యార్థులకు విడిగా చెప్పాల్సిన సంగతి ఒకటి ఉంది. నర్సింగ్ పాఠ్యపుస్తకాలు చాలావరకు తెల్లచర్మం ఉన్న రోగులను చూసి రాసినవి. ఒత్తిడి పుండు మొదటి మెట్టు ‘ఎర్రబడటం’, ఆక్సిజన్ తగ్గితే ‘నీలిబారడం’ అని వాటిలో ఉంటుంది. ఎండలో రాళ్లు కొట్టిన నల్లటి వీపు మీద ఎరుపు కనపడదు. అక్కడ చేతి వెనకభాగం పెట్టి చూడాలి: పక్క చర్మంకన్నా వేడిగా ఉందా, గట్టిపడిందా, మెత్తబడిందా, రోగికి అక్కడ నొప్పి ఉందా. నీలిరంగు కోసం పెదవి లోపలి వైపు, నాలుక, కంటి రెప్ప లోపలి పొర చూడాలి. వేలికి తగిలించే ఆక్సిమీటరూ నల్లచర్మం దగ్గర తప్పటడుగు వేస్తుంది. అమెరికాలో 2020లో వచ్చిన ఒక అధ్యయనంలో, పరికరం మామూలుగానే ఉందని చూపుతున్నా రక్తంలో ఆక్సిజన్ నిజానికి పడిపోయి ఉన్న సందర్భాలు నల్లజాతి రోగుల్లో తెల్లవారికన్నా దాదాపు మూడు రెట్లు తేలాయి. పరికరం 94 చూపుతూ మనిషి కూర్చుని ముందుకు వాలి ఆయాసపడుతుంటే, నమ్మాల్సింది మనిషినే.

‘ఏం పని చేస్తావు?’

ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రమజ్జీని 1700లో వృత్తివ్యాధుల మీద పుస్తకం రాస్తూ, రోగిని వైద్యులు అడిగే ప్రశ్నలకు మరొకటి కలిపాడు: నీ పనేమిటి అని. మూడు శతాబ్దాలు గడిచినా ఈ ప్రశ్న మన కేసు షీట్లలో సరిగా కుదురుకోలేదు. ‘వృత్తి’ అన్న గడిలో ‘కూలీ’ అని రాసి ముందుకు వెళ్లిపోతాం. ఏ కూలీ?

ముప్పై ఎనిమిదేళ్ల మనిషి పొడిదగ్గు, ఆయాసం, బరువు తగ్గడంతో వచ్చాడనుకుందాం. టీబీ మందులు ఒక కోర్సు వాడాడు, గుణం కనపడలేదు. సిస్టరు మంచం పక్కన నిలబడి ‘ఏం పని చేస్తవన్నా?’ అంటే ‘కంపెనీల’ అంటాడు. అక్కడితో ఆగకూడదు. ‘ఏం కంపెనీ? మిషన్ దగ్గరనా? దుమ్ము లేస్తదా? ఎన్నేండ్లు? మూతికి ఏం కట్టుకుంటవ్?’ పన్నెండేళ్లు క్రషర్ నోటి దగ్గర, మూతికి తువాల అని తేలితే కథ మారిపోతుంది. రాయి పగిలినప్పుడు లేచే సిలికా ధూళిలో కంటికి కనపడని సన్నటి రేణువులు ఊపిరితిత్తుల అడుగుకు చేరి అక్కడ మచ్చ కట్టిస్తాయి. అదే సిలికోసిస్. మచ్చ కట్టిన భాగం తిరిగి మామూలు కాదు. ఎక్స్‌రేలో అది టీబీలా భ్రమపెట్టగలదు, సిలికోసిస్ ఉన్నవాళ్లకు టీబీ రావడమూ ఎక్కువే, కాబట్టి రెండూ ఒకే మనిషిలో ఉండొచ్చు. తువాల ఈ రేణువులను ఆపలేదు. ముఖానికి సరిగ్గా అతుక్కునే ఎన్95 రకం మాస్కు కావాలి, అంతకన్నా ముందు క్రషర్ దగ్గర నీళ్లు చల్లి దుమ్ము లేవకుండా చూడాలి. సిలికోసిస్ ప్రభుత్వానికి తెలియజేయాల్సిన వృత్తివ్యాధి. ఆ కబురుకు, పరిహారానికి ఆధారమయ్యే మొదటి ముక్క చాలాసార్లు చేరిక నాడు రాసిన వృత్తి చరిత్రే.

నర్సింగ్ ప్రక్రియ

ఇదే రోగి దగ్గర ‘నర్సింగ్ ప్రక్రియ’ అన్నదాన్ని అర్థం చేసుకోవచ్చు. 1960లలో అమెరికాలో రూపు కట్టిన ఈ పద్ధతికి అయిదు మెట్లు: పరిశీలన, నర్సింగ్ నిర్ధారణ, ప్రణాళిక, అమలు, ఫలితం సరిచూడటం. విద్యార్థులు తడబడేది రెండో మెట్టు దగ్గర. వైద్యుడి నిర్ధారణ ‘సిలికోసిస్’. నర్సు నిర్ధారణ ఆ పేరుకు నకలు కాదు. ఆ జబ్బు ఈ మనిషి బతుకులో దేనికి అడ్డుపడుతోందో చెప్పే వాక్యం అది. ‘చిక్కటి కళ్లె, బలహీనమైన దగ్గు వల్ల శ్వాసమార్గం శుభ్రపడకపోవడం’ ఒకటి. ‘నాలుగడుగులు నడిస్తే ఆయాసం వచ్చి మరుగుదొడ్డికి వెళ్లలేకపోవడం’ ఇంకొకటి. సిలికోసిస్‌ను నర్సు తగ్గించలేదు, ఈ రెంటినీ తగ్గించగలదు.

ప్రణాళికలో లక్ష్యం కొలవగలిగేదిగా ఉండాలి. ‘రోగి బాగా ఊపిరి తీసుకుంటాడు’ అన్నది కోరిక. ‘రెండు రోజుల్లో సాయం లేకుండా కళ్లె బయటికి ఉమ్మగలుగుతాడు, విశ్రాంతిలో ఊపిరి 24 లోపు ఉంటుంది’ అన్నది లక్ష్యం. అమలు అంటే తల వైపు మంచం 45 నుంచి 60 డిగ్రీలు ఎత్తడం, ముందు బల్ల మీద దిండు పెట్టి దాని మీదికి వాల్చడం, గుండె, మూత్రపిండాల వైపు అభ్యంతరం లేకపోతే గోరువెచ్చటి నీళ్లు తరచూ ఇవ్వడం, ముక్కుతో పీల్చి ఈల వేసినట్టు పెదవులు చుట్టి నెమ్మదిగా వదలడం నేర్పడం. రెండు రోజుల తర్వాత అంకెలు సరిచూడాలి. కుదరకపోతే తప్పు రోగిది అనుకోకుండా ప్రణాళిక మార్చాలి.

కాలిన గాయం, గడియారం

2025 జూన్ 30 ఉదయం పాశమైలారంలోని సిగాచి పరిశ్రమలో జరిగిన పేలుడులో 40 మందికి పైగా కార్మికులు చనిపోయారు. ఈ వాడల్లో రియాక్టర్లు, ద్రావకాలు, పొడులు ఉన్నంతకాలం ఇక్కడ పనిచేసే నర్సుకు కాలిన గాయాల పాఠం ‘ఎప్పుడో అవసరమయ్యేది’ కాదు.

ఒకేసారి నలుగురైదుగురు వస్తే అరుస్తున్నవాడి దగ్గరికి కాళ్లు వాటంతట అవే వెళతాయి. వెళ్లాల్సింది అరవనివాడి దగ్గరికి. లోతుగా కాలినచోట నరాలు కూడా కాలిపోయి నొప్పి తెలియదు. ముక్కులో మసి, మాడిన ముక్కువెంట్రుకలు, బొంగురుపోయిన గొంతు కనపడితే ఆ మనిషి గొంతు లోపల వాచి కొద్ది గంటల్లో మూసుకుపోవచ్చు. వైద్యుణ్ని పరుగున పిలిపించాలి. మంటతో కాలిన గాయం మీద మామూలు చల్లటి కుళాయి నీరు 20 నిమిషాలు పారించాలి. ఐసు వద్దు, టూత్‌పేస్టు వద్దు, పసుపు వద్దు. పొడి రసాయనం పడితే ముందు దులిపి, బట్టలు తీసి, ఆ తర్వాత నీళ్లు.

ఎంత కాలిందో అంచనాకు తొమ్మిదుల లెక్క ఉంది. పెద్దవాళ్లలో తల, మెడ కలిపి 9 శాతం, ఒక్కో చెయ్యి 9, ఒక్కో కాలు 18, ఛాతీ కడుపు ముందువైపు 18, వీపు వైపు 18, మర్మాంగాలు 1. అరవై కిలోల మనిషికి 30 శాతం కాలిందనుకోండి. పార్క్‌లాండ్ సూత్రం ప్రకారం 4 మిల్లీలీటర్లను బరువుతో, శాతంతో గుణిస్తే మొదటి రోజు నరంలోకి ఎక్కించాల్సిన ద్రవం 7,200 మిల్లీలీటర్లు. సగం, అంటే 3,600, మొదటి 8 గంటల్లో ఎక్కాలి. ఇక్కడే పొరపాటు జరుగుతుంది: ఆ 8 గంటలు కాలిన క్షణం నుంచి లెక్క, ఆసుపత్రికి వచ్చిన క్షణం నుంచి కాదు. తొమ్మిదింటికి కాలి పదకొండింటికి వచ్చిన మనిషికి మిగిలింది ఆరు గంటలే. అంటే గంటకు 600 మిల్లీలీటర్లు. మిల్లీలీటరుకు 20 చుక్కలు పడే సెట్టుతో లెక్కేస్తే నిమిషానికి 200 చుక్కలు. అన్ని చుక్కలు కన్ను లెక్కపెట్టలేదు, సన్నటి క్యానులా మోయలేదు. రెండు చేతులకూ లావుపాటి క్యానులాలు ఎందుకు పెడతారో ఈ గుణకారం చేసిన విద్యార్థికి ఎవరూ చెప్పనక్కర్లేదు. ద్రవం సరిపోతోందా అన్నది మూత్రం చెబుతుంది: గంటకు కిలోకు అర మిల్లీలీటరు, అంటే ఈ మనిషికి 30. సూత్రం ఇచ్చేది మొదలుపెట్టడానికి ఒక అంకె మాత్రమే. గంటగంటకూ మూత్రం కొలిచి చెబితే వైద్యుడు దాన్ని పెంచుతాడు, తగ్గిస్తాడు.

చేతులు

వియన్నా ఆసుపత్రిలో 1847లో ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ శవపరీక్ష గది నుంచి ప్రసూతి వార్డుకు వచ్చే వైద్యులచేత క్లోరిన్ నీటితో చేతులు కడిగించాడు. ఆ ఏప్రిల్‌లో 18 శాతం ఉన్న బాలింత మరణాలు వేసవికి 2 శాతం దరిదాపుకు దిగాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చేతి శుభ్రతకు అయిదు సందర్భాలు చెప్పింది: రోగిని ముట్టుకునే ముందు, శుభ్రమైన ప్రక్రియకు ముందు, శరీర ద్రవాలు తగిలాక, రోగిని ముట్టుకున్నాక, రోగి పరిసరాలను ముట్టుకున్నాక. సబ్బుతో 40 నుంచి 60 సెకన్లు, స్పిరిట్ ద్రావణంతో 20 నుంచి 30. చేతి తొడుగు వేసుకుంటే కడగక్కర్లేదన్న భ్రమ వార్డుల్లో బాగా పాతుకుపోయింది. ఒకే తొడుగుతో మూడు మంచాలు తిరిగిన చెయ్యి ఉత్త చేతికన్నా ప్రమాదం. చేసిన మనిషికి అది మురికి అనిపించదు కాబట్టి.

పటాన్‌చెరులో ఈ సూత్రానికి ఇంకొంచెం బరువుంది. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ శాస్త్రవేత్త జోకిమ్ లార్సన్ బృందం 2007లో ప్రచురించిన అధ్యయనంలో ఇక్కడి మందుల కంపెనీల వ్యర్థజలాల ఉమ్మడి శుద్ధికేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిని పరీక్షిస్తే, లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ తేలింది. మందు వాడుతున్న రోగి రక్తంలో ఉండేదానికన్నా ఎక్కువ అది. అలాంటి నీటిలో బతికి బట్టకట్టే సూక్ష్మజీవి ఆ మందుకు లొంగనిదే అవుతుంది. మందులకు లొంగని క్రిమి వార్డులోకి వచ్చాక మంచం నుంచి మంచానికి నడిపించేది మాత్రం మన చేతులే.

మందు

సరైన రోగి, సరైన మందు, సరైన మోతాదు, సరైన మార్గం, సరైన వేళ: అయిదు ‘సరైన’లు. సరైన నమోదును ఆరోదిగా కలపడం ఇప్పుడు రివాజు. వార్డులో ఇద్దరు రాజులుంటారు, ఇద్దరు సంతోష్‌లుంటారు. ‘నువ్వు సంతోషేనా?’ అని హిందీలో అడిగితే, సగం నిద్రలో ఉన్న ఒడియా కార్మికుడు ‘హా’ అనేస్తాడు. ‘నీ పేరేంటి?’ అని అడిగి అతని నోట చెప్పించుకోవాలి, ఐపీ నంబరు చూడాలి.

మన దేశంలో ఇన్సులిన్ రెండు గాఢతల్లో దొరుకుతుంది, మిల్లీలీటరుకు 40 యూనిట్లది, 100 యూనిట్లది. సిరంజిలూ రెండు: ఎర్ర మూతది 40కి, నారింజ మూతది 100కి. 100 బుడ్డీలోని మందును ఎర్ర మూత సిరంజిలో 20 గీత దాకా లాగితే ఒంట్లోకి వెళ్లేది 50 యూనిట్లు. ఒక్క మూత రంగు చూడకపోతే మనిషి తెల్లారేసరికి లేవకపోవచ్చు. గాఢమైన పొటాషియం క్లోరైడ్‌ను నేరుగా నరంలోకి ఎప్పుడూ ఎక్కించకూడదు.

నొప్పి కొలత గురించి ఒక మాట. సున్నా నుంచి పదిలో ఎంత అని పుస్తకం అడగమంటుంది. బడికి వెళ్లని మనిషి ఆ ప్రశ్నకు బిక్కమొహం వేస్తాడు. తెలంగాణలో అణాల లెక్క ఇంకా నాలుకల మీద ఉంది. హిందీ మాట్లాడేవాళ్లకూ అది సొంతమే. ‘నొప్పి రూపాయిల ఎంత తగ్గింది? చారాణా? ఆఠాణా? బారాణా?’ అంటే జవాబు చప్పున వస్తుంది. సూది ఇచ్చిన అరగంటకు మళ్లీ అదే ప్రశ్న అడిగి, ఆ జవాబును షీటులో రాయాలి.

పక్క

మంచం పట్టిన మనిషి తుంటి, మడమ, త్రికాస్థి మీద బరువు పడి అక్కడి సన్నటి రక్తనాళాలు మూసుకుపోతే చర్మం లోపలినుంచి చస్తుంది. రెండు గంటలకోసారి పక్క మార్చడం, తడి లేకుండా చూడటం, దుప్పటి ముడతలు తీయడం, మాంసకృత్తులున్న తిండి పెట్టడం దీనికి మందు. మనిషిని ఈడ్చకూడదు, దుప్పటితో ఎత్తి జరపాలి. పక్కపుండు ముప్పును కొలిచే బ్రేడెన్ పట్టికలో మార్కులు 18కి దిగితే ప్రమాదం ఉన్నట్టు.

ముంబయి కేఈఎం ఆసుపత్రి నర్సు అరుణా షాన్‌బాగ్ 1973లో తను పనిచేసే చోటే దాడికి గురై కోలుకోలేని స్థితిలోకి వెళ్లింది. 2015లో చనిపోయేదాకా 42 ఏళ్లు అదే ఆసుపత్రిలో నర్సులు తరాలు మారుతూ ఆమెను చూసుకున్నారు. ఆమె ఒంటి మీద ఒక్క పక్కపుండు లేదు. ఆమెకు కారుణ్య మరణం కోరిన కేసులో 2011లో తీర్పు ఇస్తూ సుప్రీంకోర్టు ఆ నర్సుల సేవను ప్రశంసించింది.

ఎవరి తరఫున

ఫ్యాక్టరీలో గాయపడిన కార్మికుణ్ని తరచూ సూపర్‌వైజరో కాంట్రాక్టరో వెంటబెట్టుకొస్తాడు. ఎలా జరిగిందని అడిగితే రోగి నోరు తెరిచేలోపు పక్కనున్నవాడు ‘జారి పడ్డడు సిస్టర్’ అంటాడు. అతన్ని బయట కూర్చోబెట్టి రోగిని ఒంటరిగా అడగడం నర్సింగ్ నీతిలో భాగం. రోగి చెప్పింది అతని మాటల్లోనే, వేళతో సహా రాయాలి. గాయం తీరు, కాలిన బట్టలు పోలీసు కేసుకు ఆధారాలవుతాయి, చెత్తబుట్టలో వేయకూడదు. పరీక్షల ఫలితాలు రోగివి. ‘మావాడే, నాకు చెప్పండి’ అన్న యజమానికి రోగి అనుమతి లేకుండా చెప్పడానికి వీల్లేదు. సంతకం పెట్టించే కాగితం అతనికి వచ్చిన భాషలో వివరించాకే వేలిముద్ర. వార్డు బాయ్‌కి ఒడియా వస్తే పిలవొచ్చు, కాంట్రాక్టరును మాత్రం దుబాసీగా పెట్టుకోకూడదు.

రాసే పని అందరికీ విసుగు. చేసి రాయనిది చేయనట్టేనన్న మాట ప్రతి కాలేజీలో వినిపిస్తుంది. చేయకుండా రాసినది అంతకన్నా పెద్ద తప్పు అని చెప్పేవాళ్లు తక్కువ. డ్యూటీ మారేటప్పుడు కౌంటరు దగ్గర షీట్లు అప్పగించడంకన్నా మంచం దగ్గర నిలబడి, రోగి వింటుండగా, పరిస్థితి ఏమిటి, వెనక కథ ఏమిటి, ఇప్పుడు నాకు ఏమనిపిస్తోంది, ఏం చేయాలి అన్న వరుసలో చెప్పుకుంటే మరుపు తగ్గుతుంది.

చదువు

ఏఎన్ఎం రెండేళ్లు, జీఎన్ఎం మూడేళ్లు, బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు. తెలంగాణ కళాశాలల్లో బీఎస్సీ నర్సింగ్ డిగ్రీలు ఎక్కువగా వరంగల్‌లోని కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయానివి. పైన చెప్పిన సూత్రాల్లో చాలావరకు ‘నర్సింగ్ ఫౌండేషన్స్’ పేరుతో మొదటి ఏడాదిలోనే వస్తాయి, ఎక్కువగా ఇంగ్లీషులో. రోగితో మాట్లాడాల్సింది తెలుగులో, హిందీలో. ఈ మధ్యలో దారి వేసుకోవడం విద్యార్థి తనంతట తాను చేసుకోవాల్సి వస్తోంది. 

రేపు ఉదయం డ్యూటీకి వెళ్లే విద్యార్థులారా, మొదటి మంచం దగ్గర గడియారం చూసుకుని ఒక పూర్తి నిమిషం ఊపిరి లెక్కపెట్టండి. 20 కాక వేరే అంకె వస్తే, పై గడుల్లో ఏమున్నా సరే, మీకు వచ్చిన అంకే రాయండి.